నాలుగో గీత

ముప్ఫై ఏళ్ళు స్తంభాలెక్కి టెలిఫోన్ తీగలు కలిపిన లైన్‌మ్యాన్‌కి ఇప్పుడు రౌటర్‌లో డీఎన్‌ఎస్ పెట్టడం నేర్పుతున్నారు. పేరు చెబితే నంబరు వెతికిపెట్టేదే డీఎన్‌ఎస్ అని ట్రైనరమ్మాయి చెప్పగా విని, "ఊరందరి నంబర్లూ నాకు కంఠతా వచ్చేవి, ఆ పని నేను నోటితోనే చేసేవాణ్ణి కదమ్మా!" అని నవ్వాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చూపుడువేలితో కొడతాడు. కొట్టాక, పాత అలవాటు కొద్దీ కేబుల్‌ని ఓసారి లాగి చూస్తాడు.

ఈరోజు ఆఖరి పరీక్ష. తప్పితే గేటు దగ్గర కాపలా డ్యూటీయే. పేరు కొట్టగానే జవాబొచ్చింది; ముఖం విప్పారింది. కూతురి వయసున్న ట్రైనర్ రౌటర్‌ని ఆపి మళ్ళీ వేసింది. పెట్టిందంతా చెరిగిపోయింది. "సేవ్ చేయలేదా, బాబాయ్ గారూ?" "ఒకసారి కలిపిన తీగ ఊడదు కదమ్మా," అన్నాడు. అతని నోట్‌బుక్ మొదటి పేజీలోనే 'సేవ్ చేయాలి' అని ఉంది. దాని కింద, ఇదివరకు మరిచినప్పుడల్లా గీసుకున్న మూడు గీతలున్నాయి. ఇంక పరీక్ష లేదని తెలిసీ, స్కేలు పెట్టి నాలుగోది గీశాడు.