అరికాళ్లకు రాసిన ఆముదం

ఈ ఎడారి దేశంలో, అల్ అమెరాత్‌ ఊళ్లో, చలి ముందు పాలరాతి నేలకే తెలుస్తుంది. ఇంటిపనికని కడప నుంచి వచ్చిన నేను చూసుకునే పెద్దావిడకు డెబ్బై దాటాయి. మాలాంటివాళ్లం ఇక్కడ ఇంటి యజమానురాలిని ‘మామా’ అంటాం, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఇంట్లో మేమిద్దరమే. ఘుబ్రాలో ఉండే ఆవిడ కూతురు చలి మొదలవగానే వచ్చి జాగ్రత్తలు చెప్పి వెళ్లింది. బాత్రూం తడిగా ఉండకూడదు, తివాచీ అంచు లేవకూడదు, అమ్మను ఒంటరిగా నడవనివ్వకూడదు. అన్నీ పాటించాను. ఆముదం సంగతి ఆమె చెప్పలేదు. పాపం, ఆమెకేం తెలుసు!

మా వైపు చలికి మడమలు పగిలితే గోరువెచ్చని ఆముదం పట్టిస్తాం. రోజూ మధ్యాహ్నం మామా కాళ్లు ఒళ్లో పెట్టుకుని రాసేదాన్ని. ఆవిడకు హాయిగా ఉండేది. నిజం చెప్పాలంటే ఆ హాయి నాకే ఎక్కువ. ఈ దేశంలో నేను చేత్తో తాకే మనిషి ఆవిడ ఒక్కర్తే.

ఆ రోజు కాళ్లకు రాస్తుండగా చినుకులు మొదలయ్యాయి. నూనె తుడవకుండానే, ఆరేసిన బట్టల కోసం మేడమీదికి పరుగెత్తాను. ఇక్కడ వాన అరుదు, వస్తే ఎవరూ ఇంట్లో కూర్చోరు. మామా కూడా వరండాలోకి వెళదామని లేచింది. ధబ్బుమన్న చప్పుడుకు దిగివచ్చేసరికి గుమ్మం లోపలే, పొడి నేల మీద పడి ఉంది. మంచికి పోతే చెడు ఎదురైంది. ఎముక విరగలేదు గానీ తుంటి నల్లగా కమిలిపోయింది.

ఎలా పడ్డావని కూతురు అడిగితే మామా నావైపు చూడకుండా, “మతర్, మతర్” అంది. వాన నీళ్ల మీద జారానని. నేను నోరెత్తలేదు. కూతురు వరండా తలుపుకు తాళం వేసి, తాళంచెవి పట్టుకుపోయింది.

తర్వాతి వానను అద్దంలోంచే చూశాం. మామా అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. నామీద నాకే అసహ్యం వేసింది.

ఊళ్లో ఉన్న అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

“నీకెందుకుమే లేనిపోని తంటా? పని పోతే ఏం జేస్తావు? గమ్మునుండు” అంది.

శుక్రవారం కూతురు రాగానే, వచ్చీరాని అరబ్బీలో చెప్పేశాను. నేల పొడిగానే ఉందని, నూనె రాసి తుడవనిది నేనేనని. మామా “లా, లా” అంటూ తల అడ్డంగా ఊపింది. కూతురు అరవలేదు. వరండా తలుపు తాళం తీసింది. ఆదివారం నుంచి నర్సు వస్తుందని, ఇక నేను వంటా బట్టలూ చూసుకుంటే చాలని చెప్పింది.

ఇప్పుడు వాన వస్తే మామా వరండాలో నిలబడుతుంది. నర్సు పక్కనే నడుము పట్టుకుని ఉంటుంది. ఆమె పని ఆమె బాగా చేస్తుంది, కాదనను. నేను వంటింటి కిటికీలోంచి చూస్తాను. మొన్న మామా వెనక్కి తిరిగి, నన్ను రమ్మని చెయ్యి చాపింది.

నర్సు ఆ చేతిని మెల్లగా పట్టుకుని కమ్మీ మీద పెట్టింది.