బదులు వచ్చిన దారి

నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో, మా వదిన చేసే పనేమిటో ఎవరు చెప్పినా నాకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. మా ఆయన ‘కంప్యూటర్లకు కాపలా’ అనేవాడు. మామగారు ‘తీగలు లాగే పని’ అని తీసిపారేసేవారు. వదిన మాత్రం, “ఆఫీసు లోపలికి ఏది రావచ్చు, ఏది రాకూడదు అని చెప్పే పని, అమ్మాయ్. మనుషుల్ని కాదు, కంప్యూటర్లు చెప్పుకునే మాటల్ని ఆపుతాను” అనేది.

వదిన అంటే మా ఆయనకు పెద్దక్క. పెళ్లి చేసుకోలేదు. చేసుకోలేదే అన్న బెంగా లేదు. కోపం ముక్కు మీదే ఉండేది. అది దిగాక మాత్రం మనల్ని కూర్చోబెట్టి టీ తాగించేదాకా ఊరుకునేది కాదు.

దర్జీ కొట్టు పైన ఒక్క గది ఆవిడ ఆఫీసు. ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి దిగాల్సినంత ఇరుకు మెట్లు. కింద కుట్టు మిషన్ల చప్పుడు, ఇస్త్రీ చేసిన బట్టల వేడి వాసన. పైన మేకులకు తగిలించిన కేబుల్ చుట్టలు, పచ్చ దీపాలు మిణుకుమనే పెట్టెలు, ఒక కాలు పొట్టి అయిన బల్ల. కిటికీ తెరిస్తే ఎదుటి గోడ, గోడ మీద గొట్టం, గొట్టం మీద పావురాలు. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేకపోతున్నానని వదిన నన్ను ఫోన్ ఎత్తడానికి అక్కడికి తీసుకెళ్లింది. ఎత్తిన ఫోన్లో అవతలివాళ్లు దేనికి గగ్గోలు పెడుతున్నారో తెలిసేది కాదు. తెలుసుకుందామని మొదలుపెట్టి ఆ పనిలోనే పడిపోయాను.

“ఫైర్‌వాల్ అంటే గుమ్మంలో కాపలా ఉండే పెట్టె. మనం రాసిచ్చిన రూల్స్‌ని అది పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది” అని చెప్పింది వదిన. “ముందు ఏది సరిపోతే దాన్నే పట్టుకుంటుంది. ఇక కింద నువ్వెంత మంచి మాట రాసినా చెవిన పెట్టదు. అచ్చం మా నాన్నలా.”

ఆ ఒక్క మాటతో నాకు ఫైర్‌వాలూ అర్థమైంది, మామగారూ అర్థమయ్యారు.

ఆ గదిలో మూడో మనిషి నిచ్చెన. తల వంచనిదే గుమ్మంలోంచి లోపలికి రాలేనంత పొడుగు. పైగా ఎప్పుడు చూసినా భుజం మీద నిజం నిచ్చెన ఒకటి ఉండేది. అందరూ అలాగే పిలిచేవారు, ఆయనా అలాగే పలికేవాడు. ఒకే కంపెనీలో ఉద్యోగాలు మానేసి వదినా ఆయనా కలిసి ఈ గది తెరిచారు. ఇద్దరిదీ ఒకే చదువు, ఒకే పనితనం. తేడా అల్లా ఒక్కటే, వదినకు పని సరిగ్గా జరగాలి, ఆయనకు ఆ పూటకు జరగాలి. దానిమీద పొద్దున మొదలైన వాదన మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచేదాకా సాగేది. డబ్బాలు తెరిచాక ఒకరి కూర ఒకరు లాక్కుని తినేవారు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వే వస్తుంది. ముగ్గురం ఒకే ఆటోలో, ఒళ్లో పెట్టెలు, బయటికి పొడుచుకొచ్చిన నిచ్చెన. ట్రాఫిక్‌లో పక్క బండివాడు తిడితే, “తగిలితే చెప్పు బాబూ, దాన్నే మడతపెట్టేస్తా!” అని ఈయన లోపల్నించే సమాధానం చెప్పేవాడు.

అలాంటి మనిషితో ఒకసారి చెడింది. ఒక పెద్ద బట్టల షాపులో కొత్త ఫైర్‌వాల్ పెట్టాక బిల్లింగ్ కంప్యూటర్లు మొరాయించాయి. కౌంటర్ దగ్గర జనం, యజమాని కేకలు. నిచ్చెన తాళలేక, ‘ఎవరు ఎక్కడికైనా వెళ్లవచ్చు’ అనే రూల్ ఒకటి అన్నిటికన్నా పైన పెట్టేశాడు. బిల్లులు కదిలాయి. కానీ అలా పెట్టాక ఇక ఫైర్‌వాల్ ఉన్నా లేనట్టే. వదిన వచ్చి చూసి, షాపు వాళ్లందరి ముందూ ఆయన్ని కడిగేసింది.

“తలుపు ఊడదీసి చేత్తో పట్టుకుని, గాలి బాగా వస్తోంది అంటే సరిపోతుందా? నీకు తాళాల పని ఎవరిచ్చారు?”

ఆయన నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. “రానీ, రాకపోనీ” అంది వదిన. ఆ అన్న గొంతే చెప్పింది, ఎదురుచూస్తోందని. కానీ ఫోన్ చేయలేదు. ఆయనా చేయలేదు. ఎవరో చెప్పగా తెలిసింది, అక్వేరియం చేపలు అమ్ముకునే కొట్టు పెట్టాడని.

అలా ఏళ్లు గడిచిపోయాయి. ఆ గదిని ఆడవాళ్లం ఇద్దరమే నడిపాం. మామగారు పోయారు. వదిన జుట్టు తెల్లబడింది, కోపం మాత్రం అలాగే ఉంది.

అప్పుడు వచ్చింది సాయంకాల పత్రిక వాళ్ల పని. వీధికి ఇటువైపు వాళ్ల ఆఫీసు, అటువైపు ప్రెస్సు. మా మొదటి ఖాతాదారుల్లో వాళ్లొకరు. ప్రకటనలు తీసుకునే కౌంటర్‌లోని కంప్యూటర్‌కి ఎక్కడినుంచో వైరస్ పట్టింది. అన్ని కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్ మీద ఉండటంతో అది వార్తల వాళ్లకు పాకింది, అక్కణ్ణుంచి వీధి దాటి ప్రెస్సుకూ పాకింది. ఆ రోజు పత్రిక రాలేదు. యజమాని మొహం వేలాడేసుకుని మా మెట్లెక్కి వచ్చాడు.

“ఇల్లంతా ఒకే గదిగా ఉంచుకున్నారు. గోడలు కడదాం” అంది వదిన.

ప్రకటనలు ఒక భాగం, వార్తలు ఒక భాగం, ప్రెస్సు ఒక భాగం. ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి ఏది వెళ్లాలన్నా మధ్యలో ఫైర్‌వాల్ ఒప్పుకోవాలి. సెలవు రోజు చూసుకుని అంతా మార్చేశాం. మర్నాడు పొద్దున అన్నీ బాగానే ఉన్నాయి, పేజీలు ప్రెస్సుకు పంపే వేళ దాకా. పంపితే వెళ్లలేదు. మళ్లీ పంపారు. వెళ్లలేదు.

యజమాని పరుగున వచ్చాడు. “అమ్మా, పాత పద్ధతిలోనే పెట్టేయండి. మీకు దణ్ణం పెడతాను.”

“దణ్ణాలు తర్వాత. ఇవాళ్టికి పేజీలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి చేత్తో పంపండి. వీధే కదా దాటాలి” అంది వదిన.

అలా పంపారు. ఆ పూట పత్రిక ఆలస్యంగానైనా వచ్చింది. మేం ఊపిరి పీల్చుకుని ఫైర్‌వాల్ లాగ్ తెరిచాం. లాగ్ అంటే ఏది వచ్చింది, దేన్ని వదిలాను, దేన్ని ఆపాను అని అది తనకు తాను రాసుకునే చిట్టా. రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే ముందు ఒకటి పలకరించాలి, రెండోది బదులు పలకాలి, మొదటిది మళ్లీ సరేననాలి. వదిన తెర మీద వేలు పెట్టింది.

“పలకరింపు వెళ్లింది చూడు, మన పెట్టె వదిలింది. ప్రెస్సు నుంచి బదులు వచ్చిన జాడ లేదు. మరి ఇటు కంప్యూటర్ సరే అని ఎలా అంటోంది?”

“బదులు రాకపోతే అనకూడదు కదా” అన్నాను.

“అనదు. అంటే బదులు అందుతోంది. మన గుమ్మం దాటకుండా అందుతోంది. బదులు వినకుండానే సరే వినపడేసరికి మన పెట్టెకు అనుమానమొచ్చి ఆపేస్తోంది.” వదిన కుర్చీ వెనక్కి నెట్టింది. “ఇంకో దారి ఉందమ్మాయ్. వైరస్ కూడా రేపు ఆ దారినే వెళ్తుంది. లే.”

ప్రెస్సులో పేజీలు అందుకునే కంప్యూటర్ వెనక పాకుతూ వెళ్లి చూస్తే, ఒక తీగ ఉండాల్సిన చోట రెండు ఉన్నాయి. రెండోది గోడెక్కి, పైకప్పు రంధ్రంలోంచి బయటికి పోయింది. మేమూ మెట్లెక్కి డాబా మీదికి పోయాం. ఎండకు వెలిసిపోయిన నల్ల కేబుల్, పత్రిక పేరున్న బోర్డు ఇనుప చట్రం మీదుగా వీధి దాటి ఆఫీసు డాబా మీదికి వెళ్తోంది. జానెడు జానెడు దూరంలో తెల్ల టేపు చుట్టి, కొస లోపలికి మడిచి ఉంది. పీకాలంటే సులువుగా దొరికేలా అలా మడిచేది ఒక్కరే.

వదిన ఆ టేపు మీద చెయ్యి వేసి, మడిచిన కొసను వేలితో లేపి మళ్లీ అతికించింది. కింద వీధిలో పత్రికల కట్టలు వ్యాన్లోకి ఎక్కిస్తున్నారు. తర్వాత నాకేసి తిరగకుండానే, “చేపల కొట్టు నంబర్ నీ దగ్గరుందా?” అంది.

ఉంది. ఎప్పటినుంచో ఉంది. ఎందుకుందో వదిన అడగలేదు. ఫోన్ స్పీకర్లో పెట్టాను.

“ఎవరు?” వెనకాల నీళ్ల బుడగల చప్పుడు.

“నేనే. పత్రిక డాబా మీదున్నాను. నీ తీగ పక్కన.”

పంపు కట్టేసినట్టున్నాడు, బుడగలు ఆగాయి.

“అయ్యో, అది ఇంకా ఉందా!” అన్నాడు. “ఆ వానలకు వీధి కింద గొట్టం నిండిపోయి అసలు తీగ పాడైంది, గుర్తుందా? ఆ పూటకు పత్రిక ఆగకూడదని పైనుంచి లాగాను. వాన తగ్గాక అసలు తీగ మార్చాం, దీన్ని తీసేద్దామనుకున్నా. ఈలోపే మనకు...”

“ఊ. అటు కొస ఎక్కడ దిగింది? ఇంకేమైనా తగిలించావా దానికి?”

“ఫోన్లో చెప్తే నువ్వు వింటావా తల్లీ? ఉండు, వస్తున్నా.”

చొక్కా చేతులు తడిగా, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. జుట్టంతా నెరిసింది. భుజాన నిచ్చెన లేదు. వదిన ఎగాదిగా చూసి, “పొట్టి అయ్యావు” అంది.

“నువ్వు మాత్రం ఏమీ తగ్గలేదు” అన్నాడాయన.

ఇద్దరూ ఆఫీసు డాబా మీదికి వెళ్లి, గోడ వెంట వెతికి, వార్తల గది అలమారా వెనక ఆ కొసను పట్టుకున్నారు. అది వార్తల వాళ్ల తీగలు కలిసే చిన్న పెట్టెలో దిగింది, పక్కనే పాత స్కానర్ ఒకటి తగిలించి ఉంది, ఎవరూ వాడనిది. ముందు దాన్ని తీశారు. తర్వాత ఆయన కేబుల్ ఊడబీకాడు. నేను ఇటు పేజీ పంపించాను. వదిన లాగ్ చూసింది. పలకరింపు, బదులు, సరే. మూడూ వరసగా మా పెట్టెలోంచే నడిచాయి. అటువైపు నుంచి ప్రెస్సు పెద్దాయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు, వచ్చిందని.

తీగ చుట్ట చుడుతూ ఉంటే వదిన ఉన్నట్టుండి అంది. “ఆ రోజు షాపులో, అందరి ముందూ అలా అనాల్సింది కాదు.”

ఆయన చుట్టడం ఆపలేదు. “అన్న మాట నిజమే. ఆ రూల్ పెట్టడం తప్పే. గదికొచ్చాక అని ఉంటే ఇంకో రెండు వినేవాణ్ణి.”

“మర్నాడు గదికి రావాల్సింది.”

“నువ్వు పిలవాల్సింది.”

వదిన నన్ను పిలిచి, టీ ఎక్కడ దొరుకుతుందో చూడమంది.

ఆ తర్వాత నిచ్చెన పనికి తిరిగి రాలేదు. చేపల్ని వదిలి రాలేనన్నాడు. కొట్టు సెలవు రోజున మాత్రం మా గదికి వచ్చేవాడు. పొట్టి కాలు బల్ల దగ్గర కూర్చుని, మేం రాసిన రూల్స్ చదివి వంకలు పెట్టేవాడు. వదిన ఉడుక్కునేది. మళ్లీ డబ్బాలు తెరుచుకునేవి. ఇన్నేళ్లు ఎందుకు పోగొట్టుకున్నారా అని నాకు అనిపించేది. వాళ్లకూ అనిపించే ఉంటుంది.

ఇప్పుడు ఆ పత్రిక కాగితం మీద రావడం లేదు. దర్జీ కొట్టు పోయి మందుల షాపు వచ్చింది. గది ఖాళీ చేసేటప్పుడు మేకులు కూడా పీక్కొచ్చింది వదిన, ఎందుకో ఆవిడకే తెలియాలి. నేను ఇంట్లో కూర్చునే పని చేస్తున్నాను. ఎవరి ఫైర్‌వాలైనా తెర మీదే తెరుచుకుంటుంది. ఆ ఆఫీసుల డాబాలు ఎలా ఉంటాయో, వాళ్ల వీధిలో వ్యాన్లు ఎక్కడ ఆగుతాయో నాకు తెలియదు. పని సులువైంది. ఆ ఆటో ప్రయాణాలే ఉండి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మొన్న వదినని చేపల కొట్టుకు తీసుకెళ్లాను. నీలం దీపాల మధ్య ఇద్దరూ స్టూళ్ల మీద కూర్చుని సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని మెల్లగా నడుస్తూ, వదిన గొణిగింది. “చూశావా వాడి పని? అన్ని తొట్ల నీళ్లూ ఒకటే పంపులోంచి తిరిగేలా పెట్టాడు. ఒక తొట్లో చేపకు జబ్బొస్తే అన్నిటికీ పాకదూ? రేపు మళ్లీ తీసుకురా నన్ను. చెప్పాలి.”