మారేడ్‌పల్లి పెరట్లో చలికాలపు మూత

మారేడ్‌పల్లిలో మా పెరట్లో ఈతకొలను తవ్విస్తుంటే, సాఫ్ట్‌వేర్ జీతాలు వచ్చేసరికి వీళ్ళకు కళ్ళు నెత్తికెక్కాయని వీధిలో అందరూ అనుకున్నారు. అనుకోనీ. మా అమ్మాయి కండరాలు ఏటేటా కరిగిపోతున్నాయనీ, నేల మీద నిలబడలేని పిల్ల నీళ్ళలో అయితే నడుస్తుందనీ, గోడ మీది నుంచి తొంగిచూసేవాళ్ళకు నేనెందుకు చెప్పాలి?

మొదటి వేసవిలో నడుం లోతు నీళ్ళు సరిపోయాయి. ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, "అమ్మా, చూడు, నన్ను ఎవ్వరూ పట్టుకోలే!" అని అరిచింది. మరుసటి ఏడు అదే లోతులో మోకాళ్ళు కుంగిపోయాయి. నీళ్ళు ఎక్కువైనకొద్దీ కాళ్ళ మీద బరువు తగ్గుతుందని డాక్టరు చెబితే, ఛాతీ దాకా నింపాం. మూడో వేసవికి మెడ దాకా వచ్చాయి. అంతకు మించి పెంచడానికి లేదు.

పిల్ల ఊపిరితిత్తులకు చల్లటి నీళ్ళు పడవు. అందుకని దీపావళి వెళ్ళగానే కొలను మూసేసేవాళ్ళం. అది మా ఆయన పని. బేగంపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆయనది. ఏ పనైనా ఇంటర్నెట్‌లో చదివి చేయాల్సిందే. ఆయనకు దొరికిందేమో మంచు కురిసే దేశాల పద్ధతి. నీళ్ళు కొంత తోడెయ్యాలి, మందు కలపాలి, మోటారు విప్పి ఆరబెట్టాలి, పైన మూత కట్టాలి. అంతవరకు బాగానే ఉంది. నీళ్ళు గడ్డకట్టి గోడల్ని నెట్టకుండా, మూత కింద గాలి నింపిన దిండు ఒకటి తేల్చాలని కూడా అందులో ఉంది. ఈయన లాలాగూడ పంక్చర్ షాపు నుంచి పాత లారీ ట్యూబు తెచ్చి, గాలి కొట్టించి, నీళ్ళలో వదిలారు.

"ఏట్రా, సికింద్రాబాదులో నీళ్ళు గడ్డకట్టేస్తాయేటి?" అంది శ్రీకాకుళం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న అత్తగారు.

"రాసున్నది రాసున్నట్టు చేస్తే పోయిందేటమ్మా," అన్నారాయన.

మొదటి ఏడు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండేది. పిల్ల మందుల దగ్గరా, కసరత్తుల దగ్గరా ఆయనది ఇదే వరస. చెప్పింది చెప్పినట్టు చేస్తే ఎప్పటికైనా బాగవుతుందని ఆయన నమ్మకం. నాకు ఆ నమ్మకం ఎప్పుడో పోయింది. ఆ మాట ఆయన ముందు అనే ధైర్యం మాత్రం లేదు.

మూడో ఏడు కూడా ఆయన ఆదివారం పొద్దున్నే పని మొదలుపెట్టారు. పిల్ల వరండాలో చక్రాల కుర్చీలో, శాలువా కప్పుకుని చూస్తోంది. నేను వెనకాల నిలబడి జడ వేస్తున్నాను.

"అమ్మా, మార్చిల నేను నీళ్ళల్ల దిగను కదా?"

"ఏందా మాట? జెర చలి పోనీ, దిగుతవు."

"మెడ సుత ఆగుతలేదు. నీళ్ళు ఇంక ఏడిదాక పోస్తరు?" తండ్రికి వినిపించకుండా గొంతు తగ్గించింది. "నాన్నకు చెప్పకు. పరేషాన్ అయితడు. పాపం, మళ్ళ ట్యూబు తెచ్చిండు."

జడ సగంలో ఆగిపోయింది. చెప్పనన్నాను. ఇన్నాళ్ళూ ఈ బరువు నా ఒక్కదానిదే అనుకున్నాను. పదకొండేళ్ళ పిల్ల మా ఇద్దరి ముందూ నవ్వుతూ దాన్ని మోస్తోందని అప్పుడే తెలిసింది.

"ఇలాగొచ్చి ఈ కొస పట్టుకోవే," అని ఆయన పిలిచారు.

వెళ్ళాను. ఎక్కడో దించేసిన హోర్డింగ్ ఫ్లెక్సు అది, మేము దాన్నే మూతగా వాడేవాళ్ళం. బొమ్మ కిందికి వచ్చేలా తిప్పి, ట్యూబు మీదుగా లాగి పరిచాం. గట్టు పొడవునా ఉన్న కొక్కేలకు అటు ఆయన, ఇటు నేను నైలాన్ తాడు కట్టుకుంటూ వచ్చాం.

"ముడి మరీ బిగించేయకు. మార్చిలో మళ్ళీ విప్పాలి," అన్నారు.

వరండాలోంచి పిల్ల నన్నే చూస్తోంది. ఆయనతో సరేనన్నాను. అరచేతులు మండేదాకా తాడు లాగి, ముడి మీద ముడి వేశాను.