దేవుడైపోయిన తోపుడు చెక్క

మా ఆయన చేతి ముద్ద ఒకసారి తిన్నవాళ్ళు ఏదో ఒక వంకతో మళ్ళీ మా ఇంటికి వస్తారు. వేడన్నంలో పండుమిరపకాయ పచ్చడి, నెయ్యి వేసి, ఐదు వేళ్ళూ పెట్టి కలిపాడంటే మెతుకు మెతుక్కీ ఎరుపు పడుతుంది. అదే పచ్చడి, అదే అన్నం నేను కలిపితే మా అత్తయ్య ఒక ముద్ద తిని, "ఒంట్లో బాగాలేదా అమ్మాయ్?" అంటుంది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఐదు వేళ్ళనీ మా ఆయన రోజూ తీసుకెళ్ళి రంపం మిషను ముందు పెట్టేవాడు.

చీరాల రోడ్డు మీద, ఇంటిని ఆనుకునే మా వడ్రంగం షాపు. గుమ్మాలు, కిటికీలు, మగ్గాలకు కావలసిన సన్న చెక్కలు చేస్తాం. ఇనుప బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు తల బయటపెట్టి గిర్రున తిరుగుతూ ఉంటుంది. చెక్కను దాని మీదకు చేత్తో తోసుకుంటూ పోవాలి. వెడల్పు చెక్కతో పెద్ద భయం లేదు. సన్నవి కోసేటప్పుడు, చివరికొచ్చేసరికి, మా ఆయన బొటనవేలు బ్లేడుకు ముద్దు పెట్టబోతున్నట్టు ఉండేది. వంటింటి కిటికీలోంచి అది చూస్తూ నేను అరవబోయేదాన్ని. అరిస్తే ఉలిక్కిపడి అసలుకే మోసం వస్తుందని నోరు మూసుకునేదాన్ని. నా నోరు మూయించినది ఈ భూమ్మీద ఆ మిషను ఒక్కటే. మా పుట్టింటివాళ్ళకు చెబితే నమ్మలేదు.

ఒకరోజు ఫోన్లో ఎవరో తెల్లాయన చెక్క కోస్తుంటే చూశాను. అతని చెయ్యి అసలు చెక్కకు తగలడమే లేదు. పిడి ఉన్న ఒక దిమ్మతో పై నుంచి నొక్కి పట్టి ముందుకు తోస్తున్నాడు. ఆ మధ్యాహ్నమే షాపులో పనికిరాని ముక్కలు ఏరుకుని నేనే ఒకటి తయారుచేశాను. చెక్క నునుపు చేసే పాత చిత్రిక పిడి ఒకటి పైన అతికించాను. కింద, వెనకవైపు చిన్న మెట్టు పెట్టాను. ఆ మెట్టు చెక్క చివర పట్టుకుని దాన్ని ముందుకు నెడుతుంది, చెయ్యి మాత్రం పైన క్షేమంగా ఉంటుంది. మేకులు బ్లేడుకు తగలకూడదని మొత్తం జిగురుతోనే అతికించాను. తోపుడు బండి ఉన్నప్పుడు తోపుడు చెక్క ఎందుకుండకూడదని ఆ పేరే పెట్టాను.

మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"నా చేతులకి కళ్ళున్నాయే."

"ఉంటే కాటుక పెడతాలే. ముందు ఇది పట్టుకో."

పట్టుకోలేదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఊరికే అన్నారా? తోపుడు చెక్క నాలుగు రోజులు మూల పడి ఉంది. ఆ తర్వాత మూలన కూడా కనబడలేదు. వెతికితే మా అత్తయ్య మంచం మీద దొరికింది.

"ఈ మెట్టు వీపు గోక్కోవడానికి భలేగా ఉందమ్మాయ్. నాకూ ఒకటి చేసిపెట్టు," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట పచ్చడి జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టేసి, చెక్క వాడితేనే విప్పుతానన్నాను. పచ్చడి లేకుండా రెండు పూటలు తిన్నాక మా ఆయన దారికొచ్చాడు. సణుక్కుంటూనే దాన్ని వాడటం మొదలుపెట్టాడు.

దసరా దగ్గర పడుతోంది. ఒక ఉదయం వేప చెక్క కోస్తుంటే లోపల ముడి తగిలి, చెక్క ఎగిరి వెనక్కి తన్నింది. నాకు వంటింట్లోకి దబ్బుమని ఒక చప్పుడు, ఆ తర్వాత మిషను ఆగిపోవడం వినిపించాయి. గరిటె పట్టుకునే పరుగెత్తాను. మా ఆయన తోపుడు చెక్కను చూస్తూ నిలబడ్డాడు. రోజూ బొటనవేలు ఉండే చోట, దాని ముందు భాగంలో, లోతుగా కోత పడి ఉంది. చెయ్యి నా ముందు చాచి, "అన్నీ ఉన్నాయే," అన్నాడు. ముందు ఏడ్చాను. ఆ తర్వాత గరిటెతో ఒకటి వేశాను.

ఇక గండం గడిచిందనుకున్నాను. గడవలేదు.

ఆయుధ పూజ రోజు మిషనుకూ, ఉలులకూ, సుత్తులకూ పసుపు రాసి బొట్లు పెట్టాం. మా ఆయన తోపుడు చెక్కను అన్నిటికన్నా పైన, దేవుడి పటాల పక్కన పెట్టి దండ వేశాడు. మర్నాడు పనిముట్లన్నీ మామూలుగా పనిలోకి దిగాయి. తోపుడు చెక్క మాత్రం దిగలేదు.

"నా వేలికి బదులు అది దెబ్బ తిన్నది. దాన్ని మళ్ళీ బ్లేడు కింద పెడితే కళ్ళు పోతాయి," అన్నాడు మా ఆయన.

"తప్పమ్మాయ్, తప్పు," అని చెంపలు వేసుకుంది మా అత్తయ్య. నాలుగు రోజులు దాంతో వీపు గోక్కున్న మనిషి!

ఇంకోటి చేసిచ్చాను. "పటాల పక్కనున్న పెద్దాయన చూస్తుండగా ఇంకోదాన్ని వాడితే బాగోదే," అన్నాడు. మళ్ళీ వట్టి చేతులు, మళ్ళీ బ్లేడు, మళ్ళీ కిటికీ దగ్గర నేను. ఈలోగా పెద్దాయన పేరు వీధంతా పాకింది. ఎదురింటి నేత పనామె వచ్చి అగరొత్తి వెలిగించింది. కొత్త ఆటో కొన్న ఒకాయన దాని ముందు నిమ్మకాయ పెట్టుకుని తీసుకెళ్ళాడు. నేను అతికించిన చిత్రిక పిడికి దణ్ణం పెట్టేవాళ్ళకు నేనే దారిచ్చి తప్పుకోవాల్సి వచ్చింది.

కోపంతో లాభం లేదని ముల్లును ముల్లుతోనే తీద్దామనుకున్నాను. శుక్రవారం ఉదయం మా ఆయన టీ తాగి గ్లాసు కింద పెట్టగానే చేతులు రెండూ పట్టుకున్నాను. వేలువేలుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మణికట్లకు పూలదండ చుట్టాను.

"ఏంటే ఇది?"

"ఇవీ బ్లేడు దాకా వెళ్ళి తిరిగొచ్చినవేగా? నీ లెక్క ప్రకారం ఇవీ దేవుళ్ళే. ఇంక వీటిని మిషను మీద పెట్టావంటే కళ్ళు పోతాయి."

మా అత్తయ్య, "నిజమేరా అబ్బాయ్," అని కొడుకు చేతులకు దణ్ణం పెట్టింది. అప్పుడే గుమ్మాల కోసం వచ్చిన రైతు, "ఏంటి మేస్త్రీ, మళ్ళీ పెళ్ళా?" అన్నాడు.

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాడు. పచ్చడి జాడీ విప్పి, కంచం పక్కన చెంచా పెట్టాను.

"దేవుళ్ళను పచ్చడిలో ముంచుతావా? దీంతో తిను," అన్నాను.

చెంచాతో కలిపాడు. సగం తెల్లగా, సగం ఎర్రగా, అదేదో సిమెంటు కలిపినట్టుంది. ఒక చెంచా పక్కన కూర్చున్న తల్లి కంచంలో వేశాడు. ఆవిడ నోట్లో పెట్టుకుని, "ఒంట్లో బాగాలేదారా?" అంది.

మా ఆయన లేచాడు. పంపు కింద చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. పెద్దాయనకు దణ్ణం పెట్టి, "చేతులు పనిలోకి దిగాయి, నువ్వూ దిగాలి స్వామీ," అని దండ తీసి, షాపులోకి తీసుకుపోయాడు. మిషను చప్పుడు వినబడి కిటికీ దగ్గరికి వెళ్ళాను. సన్న చెక్క ముందుకు పోతోంది. దాని మీద కోత పడ్డ తోపుడు చెక్క ఉంది. ఆ పైన పిడి పట్టుకుని మా ఆయన చెయ్యి, చక్కగా బ్లేడుకు ఎడంగా ఉంది. ఇప్పుడు పెద్దాయన రోజూ పొద్దున బొట్టు పెట్టించుకునే డ్యూటీకి వెళ్తున్నాడు.

ఆ రోజు చెక్క పూర్తిగా కోసి, చేతులు కడుక్కొచ్చి, మా ఆయన మళ్ళీ కంచం ముందు కూర్చున్నాడు. నెయ్యి ఇంకాస్త వేసుకుని ఐదు వేళ్ళతో కలిపి మొదటి ముద్ద నాకు పెట్టాడు. కళ్ళనీళ్ళు కారిపోయాయి.

"కారంగా ఉందా?" అన్నాడు.

"కారం కాదయ్యా. ఆ చేతికేమన్నా అయితే నేను తట్టుకోలేను," అని పైకే చెప్పేశాను. ఆయన తల వంచుకుని రెండో ముద్ద కలిపాడు.

మా అత్తయ్య మా ఇద్దరి మధ్యకు చెయ్యి చాచింది.

"నాకో ముద్ద పెట్టి, అప్పుడు ఏడవండర్రా," అంది.