నెడ్రక్క ఒలిచిన గింజలు

మా సంఘంలో మిషనరీలను ఇంటిపేరుతోనే పిలవాలి. ఆ లెక్కన ఆవిడను సిస్టర్ థోర్సెన్ అనాలి. ఆ పేరు ఈక్వడోర్‌లో గయాకీల్ నుంచి వచ్చిన మా నాలుకలకు తిరగలేదు. ఆవిడ సొంతపేరు నెడ్రా, అందుకే వచ్చిన వారానికే మాకు నెడ్రక్క అయిపోయింది.

మిషనరీలంటే తెల్లచొక్కా, టై వేసుకున్న, మూతి మీద మీసమైనా సరిగా రాని కుర్రాళ్ళని ఇటలీలో మేముండే జెనోవా ఊరి సాంపియెర్దారెనా పేటలో అందరికీ తెలుసు. డెబ్బై దాటిన మనిషి మోకాళ్ళు పట్టుకుని మా ఐదో అంతస్తు ఎక్కి, "నేను మిషనరీని" అనేసరికి మా వదిన జోయిలా తలుపు సగమే తీసి, "నిన్ను చూసుకునే మనిషేదమ్మా?" అంది. అందులో ఎగతాళి లేదు. మా ఈక్వడోర్ ఆడవాళ్ళందరికీ ఇక్కడ అదే పని. జెనోవా ముసలివాళ్ళకు అన్నం తినిపించడం, స్నానం చేయించడం, మందులు మింగించడం. ముసలిమనిషి ఒంటరిగా కనిపిస్తే మా కళ్ళు పక్కన మనిషి కోసం వెతుకుతాయి. ఆ పక్కమనిషి లోర్నా ఒక అంతస్తు కింద గోడ పట్టుకుని రొప్పుతోంది. ఆవిడకు అరవై ఎనిమిది. మిషనరీలు ఎప్పుడూ జంటగానే తిరగాలి కదా.

నెడ్రక్కది అమెరికాలో, ఐడహోలో బంగాళదుంపల ఊరు. భర్త వెర్ల్, తనూ పొలం పనులు మానుకున్నాక ఇద్దరూ కలిసి మతసేవకు, మిషన్‌కు వెళ్ళాలని పెళ్ళయిన నాడే అనుకున్నారట. పొలం కౌలుకిచ్చిన ఏడాదే ఆయన పోయాడు. "ఇద్దరి మొక్కూ ఒక్కదాన్నే తీర్చుకుంటున్నా" అనేది. ఏడాదిన్నర పూర్తి చేసుకుని, తన ఊరి చర్చిలో అందరి ముందూ నిలబడి, మా పని మేం చేసొచ్చామని చెప్పాలి. అదొక్కటే ఆవిడ కోరిక. అది చెప్పేటప్పుడు ఎప్పుడూ "మేం" అనే అనేది.

మాతో స్పానిష్‌లో మాట్లాడేది. బడిలో నేర్చింది కాదు. తన పొలంలో దుంపలు తవ్విన మెక్సికో కూలీల దగ్గర, పండగకు వాళ్ళను తన బల్ల దగ్గర కూర్చోబెట్టి వడ్డిస్తూ నేర్చింది. అందుకని ప్రార్థన మధ్యలో ఒక్కోసారి పొలంగట్టు బూతు దొర్లేది. మా పిల్లలు తలలు వంచుకుని నవ్వుకునేవారు. ఆవిడకు తెలిసేది కాదు, మేమూ చెప్పలేదు.

పండగొస్తే ఆవిడను పిలవని ఇల్లు లేదు. క్రిస్మస్‌కు మా ఇంట్లో, పెరూ వాళ్ళింట్లో, మనీలా వాళ్ళింట్లో భోజనం. నైజీరియా వాళ్ళింట్లో మిరపకారానికి కళ్ళూ ముక్కూ కారుతున్నా రెండోసారి పెట్టించుకుంది. వేళకు వచ్చి బల్ల ముందు కూర్చునే రకం కాదు. పొద్దున్నే వచ్చి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, "ఏది తరగాలి?" అనేది. చుట్టంలా వచ్చిన మిషనరీలను చాలామందిని చూశాను. ఇంటిమనిషిలా వచ్చింది ఈవిడొక్కతే.

మాకు గుడ్ ఫ్రైడే అంటే ఫనెస్కా. పన్నెండు రకాల గింజలు, గుమ్మడికాయ, పాలు, ఉప్పుచేప వేసి చిక్కగా కాచే సూపు. మతం మారినా నాలుక మారదు కదా, సంఘంలో చేరినా అది మానలేదు. ఇటలీలో ఆ రోజు సెలవు లేదు. బతిమాలి తెచ్చుకుంటాం. ముందురోజు గురువారం మధ్యాహ్నం మాకెటూ ఖాళీయే, మా పనిలో ప్రతి వారం ఆ పూట సెలవు. నలుగురం చేరి నానిన గింజలు పితుకుతాం. ఒక్కో చిక్కుడు గింజకూ తోలు తియ్యాలి, ఒక్కో సెనగకూ తియ్యాలి. చేతులు పనిలో ఉంటాయి, నోళ్ళు ఊళ్ళో వాళ్ళ మీద ఉంటాయి. వచ్చిన మొదటి ఏడాది నెడ్రక్క మా అందరికన్నా ముందు తన గిన్నె నింపేసి, "మీవి చేతులా, కాళ్ళా?" అని మమ్మల్ని ఏడిపించింది.

రెండో ఏడాది అదే బల్ల, అదే కుర్చీ. అప్పటికి ఆవిడ వెళ్ళడానికి ఇంకా మూడు నెలలుంది. జోయిలా తన యజమానురాలి కోడలిని తిడుతోంది, మేం నవ్వుతున్నాం. నెడ్రక్కా నవ్వుతోంది. నవ్వుతూనే పితికిన గింజను తొక్కల బుట్టలో వేసింది. తొక్కను గిన్నెలో వేసింది. పొరపాటనుకున్నాను. మళ్ళీ అలాగే వేసింది. జోయిలా తిట్టు ఆపలేదు, తన చెయ్యి మాత్రం తొక్కల బుట్టలోకి వెళ్ళి గింజలు ఏరుకొచ్చింది. ఆ తర్వాత నేను ఏరాను. ఇంకో ఇద్దరు ఏరారు. ఎవరూ ఎవరివంకా చూడలేదు. లోర్నా ఒక్కతే తలెత్తి నన్ను చూసింది. ఆవిడకు ఎప్పుడో తెలుసని అర్థమైంది.

నెడ్రక్క, లోర్నా వెళ్ళాక జోయిలా గిన్నెలు కడుగుతూ అంది.

"మొదలైపోయిందే నార్సీసా. మిలాన్‌లో మిషన్ పెద్దాయనకి ఫోన్ చెయ్యి. లేకపోతే ఆవిడ కొడుక్కి చెప్పు."

"చెప్తే రేపే పంపించేస్తారు వదినా. ఆవిడ మొక్కు ఏమవ్వాలి?"

"చెప్పకపోతే ఏ బస్సు కిందో పడుద్ది. అప్పుడు తీరుద్దా మొక్కు?"

"ఆవిడకే చెప్తే?"

జోయిలా చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "మతి పోయిందా? ముసలాళ్ళకి వాళ్ళ సంగతి ఎవరైనా చెప్తారా? చెప్తే ఏడుస్తారు. రాత్రికి మర్చిపోతారు. రేపు మళ్ళీ చెప్పు, మళ్ళీ ఏడుస్తారు. పిల్లలకి చెప్పాలి. మన పనిలో పద్ధతి అది."

పద్ధతి నాకూ తెలుసు. కొండమీద మేడలో నేను చూసుకున్న దొరసాని ఎదుటే ఆమె పిల్లలు ఇల్లెంతకు పోతుంది, ఆసుపత్రి మంచం ఎక్కడ వెయ్యాలి అని మాట్లాడుకునేవారు. ఆ ముసలావిడ మర్యాదగా అందరి మాటా విని, నా చెయ్యి లాగి, "పాపం, ఎవరి గురించి?" అని అడిగింది. ఎవరో దూరపు చుట్టమని చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నా గొంతులో ఉంది.

మర్నాడు నెడ్రక్క అందరికన్నా ముందు వచ్చింది. లోర్నాను నా కూతురు డొమెనికా బజారుకు తీసుకెళ్ళింది. చేప పాలలో ఉడుకుతోంది. ఆవిడ చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, "ఏది తరగాలి?" అంది.

"ముందు కూర్చో అక్కా. నిన్న నువ్వు గింజలు తొక్కల్లో వేశావు. తొక్కలు గిన్నెలో వేశావు."

"కళ్ళజోడు మార్చాలి నేను."

"కళ్ళు కాదక్కా."

కాసేపు పొయ్యివైపు చూసింది. "అలా ఎన్ని వేశాను?"

"అన్నీ."

"మరి ఎవరూ ఏమీ అనలేదేం?"

"నువ్వు చూడకుండా ఏరుకున్నాం."

ఆవిడ మొహం ఎర్రబడింది. "నా పక్కన కూర్చుని, నాతో నవ్వుతూ?"

"అవును."

"లోర్నాకి తెలుసా?"

"మీ ఇంటి తాళంచెవులు ఆవిడ దగ్గరే ఉంటున్నాయి కదా అక్కా."

"నేనే ఇచ్చాననుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు రాలేదు. ఎదురుగా ఉన్న నిమ్మకాయను అటూ ఇటూ దొర్లించింది.

"మా అమ్మకీ ఇదే" అంది. "ఎవ్వరం చెప్పలేదు. నవ్వుతూ తిరిగాం. అమ్మ మా మొహాలు ఒక్కొక్కటే చూసేది. ఎవరో ఒకరు చెప్తారని చూసేది నార్సీసా. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది."

"నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పను కూడా. చెప్పడం, మానడం నీ ఇష్టం."

"మూడు నెలలే ఉంది నాకు" అంది. తర్వాత సూపులోకి ఉడకబెట్టిన గుడ్లు ఒలుస్తానంటే ఇచ్చాను. ఈసారి పెంకులు ఏ గిన్నెలోవో, గుడ్లు ఏ గిన్నెలోవో నన్ను అడిగి మరీ ఒలిచింది.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. ప్రార్థన ఆవిడే చేసింది. సూపు తిన్నాక ప్లేటు పక్కకు నెట్టి లేచి నిలబడింది.

"నిన్న నేను గింజలు పారేశానంట. మీరు ఏరారంట. ఇంకోసారి నా మొహం మీదే చెప్పండి, సిగ్గుపడితే నేనే పడతాను. సోమవారం మిలాన్‌కి నేనే ఫోన్ చేస్తా. నా కొడుకు కర్టిస్‌కి కూడా నేనే చెప్తా. మీరెవరూ చెయ్యొద్దు."

లోర్నా రెండు చేతులతో మొహం కప్పుకుంది. జోయిలా ముక్కు చీది అంది. "తొక్కలు కూడా కొన్ని పడ్డట్టున్నాయి అక్కా సూపులో. పర్లేదు, బాగానే ఉంది."

నెడ్రక్క పడీ పడీ నవ్వింది. ఆ వెంటనే ఏడ్చింది. ఇంకో ప్లేటు పెట్టమంది.

సోమవారం అన్నట్టే ఫోన్ చేసింది. పరీక్షలు చేయించారు, నెల తిరక్కుండా పంపించేశారు. రెండు నెలలు మిగిలుండగానే మొక్కు ఆగింది. నా వల్లనే ఆగిందని నాకు తెలుసు, అది తేలిక మాట కాదు. అయితే ఊరెళ్ళిన రెండో ఆదివారమే చర్చిలో నిలబడి ఏం చేసొచ్చారో చెప్పిందట. ఏం చెయ్యలేకపోయారో, ఎందుకో కూడా తన నోటితోనే చెప్పిందట. ఇల్లు తనే అమ్మించింది. ఉండబోయే చోటు తనే తిరిగి చూసుకుంది. వెర్ల్ బట్టలు తనే పంచింది. ఇవన్నీ కర్టిస్ చెప్పాడు, రెండేళ్ళ తర్వాత నాకు ఫోన్ చేసి. అప్పటికి ఆవిడ అతన్ని గుర్తుపట్టడం లేదు.

"మమ్మల్ని ఏమీ చెయ్యనివ్వలేదండీ అమ్మ" అన్నాడు. "ఆ ఏడాదంతా తెలిసి తెలిసి బతికింది. మీరు ముందు నాకొక మాట చెప్పాల్సింది. హాయిగా, తెలియకుండానే ఉండేది."

"జబ్బు ఆవిడది కదా బాబూ" అన్నాను. అతను, తిట్టడానికే చేశానని, థాంక్స్ అని రెండూ ఒకే గుక్కలో అని ఫోన్ పెట్టేశాడు.

డొమెనికా పక్కనే ఉండి అంతా వింది. నాకిప్పుడు అరవై దగ్గరపడుతోంది. "నాకూ అలా మొదలైతే, ముందు నాకు చెప్పవే. నీ మొగుడికీ కాదు, మీ అత్త జోయిలాకీ కాదు. నాకు" అన్నాను.

"ఛ, అవేం మాటలమ్మా, నీకేం కాదు" అని నా నుదురు ముద్దుపెట్టుకుని, నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చెప్పదు. దానికి నేనంటే ప్రాణం.