ఖుద్దూస్ చాచా విమానం కథ

అబ్దుల్ ఖుద్దూస్ చాచాకు తాగుడు లేదు, పొగ లేదు. ఉన్నదల్లా మూతపడిన ఒక విమానాల కంపెనీ. పక్కపక్క దేశాలు మూడు కలిసి పెట్టుకుని, కొట్లాడుకుని మూసేసిన ఆ కంపెనీలో ఆయన ఒకప్పుడు సామాన్లు మోసేవాడు. ఇప్పుడు దాని చరిత్ర మోస్తున్నాడు. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం గడువు గురించి అడిగినా, పంటినొప్పి అని మూలిగినా, చాచా చివరికి అక్కడే తేలేవాడు.

వలస వచ్చిన ఆ అరబ్బు దేశంలో, అర్దియా పేటలో, ఆయన రెండు పూటలా తినే మెస్సు గంగులయ్యదీ, హుస్సేన్ వలిదీ. గంగులయ్య సంకటి కెలికితే వలి బిర్యానీ వండేవాడు. పొయ్యి దగ్గర ఇద్దరూ గొణుక్కుంటుంటే చాచా అందుకునేవాడు.

"తోక మీద ఎవరి జెండా పైన ఉండాలని తగువు, నాయనా! నెలనెలా రంగు మార్చిరి. ఆ రంగు బరువుకు విమానం లేసేదే కష్టమాయ!"

"సంకటి చల్లారిపోతాంది, తినబ్బా!" అని గంగులయ్య, "నీ విమానం పాడుగాను, ఊరుకో చాచా!" అని వలి, ఇద్దరూ ఒక్కసారే విరుచుకుపడేవాళ్లు. చాచా నవ్వి సంకటి ముద్ద తుంచుకునేవాడు.

ఒకసారి ఆయన జ్వరంతో పడకేశాడు. ఇక చెవులకు విశ్రాంతి అనుకున్నాడు గంగులయ్య. ఎక్కడిది! పొద్దున పెద్ద పొయ్యి సంకటికా, బిర్యానీకా అని మొదలైన తగువు, ఏడేళ్ల పొత్తు తెగేదాకా పోయింది. శుక్రవారం గిన్నెలు పంచుకోవడానికి కూర్చున్నారు. సంకటి తెడ్డు ఇటు, బిర్యానీ దేగ్చా అటు. గంగులయ్య తెడ్డును ఒళ్లో పెట్టుకున్నాడు గానీ, ముందు తగ్గలేదు.

అప్పుడొచ్చాడు చాచా, కంబళి కప్పుకుని, గోడ పట్టుకుని.

"కంపెనీ మూసిన పొద్దు గూడా ఇట్లనే, నాయనా. ఒకరికి విమానాలు, ఒకరికి నిచ్చెనలు, ఒకరికి కుర్చీలు. నిచ్చెనలొచ్చినోళ్లు దేనికెక్కాల?"

"జరంలో గూడా ఇదేనా చాచా!" అని ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారు. అరిచాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

గంగులయ్యకు అప్పుడు తట్టింది. తమకు మాటా మాటా వచ్చినప్పుడల్లా ఈ మనిషి మధ్యలో దూరి విమానం కథ ఎత్తుకునేవాడు. ఇద్దరి తిట్లూ తన మీదికే లాక్కునేవాడు.

"ఇన్నాళ్లూ కావాలనే చెప్తాంటివా?"

చాచా నేల చూశాడు. "అప్పుడు మా కంపెనీ గదిలో పనోళ్లమందరం ఒకే పళ్లెంలో తింటాంటిమి. కంపెనీ పోయినాక ఒక్కడు గూడా మళ్లా కనపడలే. మీరన్నా ఒక చోట ఉండండి, నాయనా."

గంగులయ్య కళ్లు తుడుచుకుని పెద్ద పొయ్యి వెలిగించాడు. వలి, ఎవరూ అడక్కుండానే, ఎసట్లో నూకలు పోశాడు. గంజి కాచి చాచా చేతికిచ్చారు. ఆయన ఒక గుటక వేసి ముఖం చిట్లించాడు.

"ఇద్దరు వంటోళ్లుండి ఉప్పెయ్యలేదేమప్పా?"

"వలి ఏసినాడనుకుంటి," అన్నాడు గంగులయ్య.

"అన్న ఏసినాడనుకుంటి," అన్నాడు వలి.

మళ్లీ తగువు వచ్చేలా ఉందని చాచా గొంతు సవరించుకున్నాడు.

"కంపెనీలో ఒకసారి..."

"నోరు మూసుకోని తాగు!" అన్నారిద్దరూ. చాచా ఆ చప్పిడి గంజి చుక్క మిగలకుండా తాగాడు.