రైట్ రైట్ మామయ్య

పీప్!

తెల్లవారే వెలుగు ఇంకా కిటికీ తెర అంచు దాటకముందే పక్కగదిలోంచి విజిల్. మామయ్య మంచం మీంచి లేవబోతున్నారని కోడలికి తెలిసిపోయేది. లోకంలో అందరూ లేస్తారు, ఆయన మాత్రం బయలుదేరతారు.

ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఒక విజిలంటే ఆగు, రెండంటే పద.

"హోల్డాన్! గబుక్కున లేస్తే నాకు బీపీ పడిపోతుంది!"

మంచం అంచున కూర్చుని, పాదాలు కిందకీ పైకీ ఆడించి, గ్లాసుడు నీళ్లు తాగి, రెండు నిమిషాలయ్యాక పీప్ పీప్. "రైట్ రైట్!" అప్పుడు ఆయనా అత్తయ్యా చేతులు పట్టుకుని మెల్లగా లేచేవారు, పొగమంచులోంచి రెండు చెట్లు తేలినట్టు.

అత్తయ్య బడిలో డ్రిల్లు టీచరుగా పిల్లల్ని స్ప్రింగుల్లా లేపిన మనిషి. "ఈయన పడితే ఎత్తేది నేనేగా, ఏం చేస్తాం!" అని విసుక్కుంటూనే పక్కన కూర్చునేది.

సినిమాకి వెళ్తే వీళ్లు లేచేలోగా ఇంటర్వెల్ అయిపోయేది. ఓసారి తలుపు కొట్టిన కొరియరతను విజిల్ విని, పోలీసులనుకుని పార్సిల్ గుమ్మంలో పడేసి పరుగు లంకించుకున్నాడు.

కోడలి ఆఫీసు వేడుకలో మరీ అన్యాయం. పెద్ద అధికారి రాగానే అందరూ లేవబోయారు. ముందు వరుసలోంచి పీప్! "హోల్డాన్!" హాలంతా సగం లేచి అలాగే బిగుసుకుపోయింది. "సమ్మె ఏమైనా చేస్తున్నారా?" అన్నాడు అధికారి. కోడలికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ మామయ్యని పడుకోబెట్టి చూసింది, నిలబెట్టి చూసింది, మూడు నిమిషాలాగి మళ్లీ చూసింది.

"ఈయన బీపీ గోడకు కొట్టిన మేకులా ఉందమ్మా. ఇంచు కూడా కదల్లేదు!"

బయట బల్ల మీద కూర్చోబెట్టి కోడలు నిలదీసింది. "మరి ఇన్నాళ్లూ పడిపోతున్న బీపీ ఎవరిది మామయ్యా?"

ఆయన విజిల్‌ని చొక్కా అంచుతో తుడిచారు. "మీ అత్తయ్యది. రెండేళ్ల కిందట, నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు, దిగ్గున లేచి కుప్పకూలింది. నెమ్మదిగా లేవమని డాక్టరు చీటీ రాసిస్తే, 'డ్రిల్లు టీచరుకి లేవడం నేర్పుతారా?' అని చింపేసింది. మళ్లీ పడితే తుంటి విరుగుతుందన్నారు. తనకోసం ఆగే మనిషి కాదు తల్లీ. నాకోసమైతే ఆగుతుంది. అందుకని ఆ జబ్బు నేను పుచ్చుకున్నా."

ఇంటికొచ్చి తలుపు తీశారో లేదో, కుర్చీలోంచి అత్తయ్య. "ఏమన్నారు డాక్టరు?" అంటూ దిగ్గున లేవబోయింది.

కోడలు మామయ్య చేతిలోంచి విజిల్ లాక్కుని ఊదింది. పీప్!

"హోల్డాన్ అత్తయ్యా! మామయ్యకి రెండు నిమిషాలు చాలవట, ఇకమీదట మూడట. పక్కన మీరు కూర్చోకపోతే మాత్రం కష్టమట."

"నేను ముందే అనలేదూ!" అంటూ అత్తయ్య గర్వంగా వెనక్కి వాలింది.

మామయ్య బుద్ధిగా ఆవిడ పక్కన కూర్చుని, పాదాలు ఆడిస్తూ, కోడలి చెవిలో అన్నారు:

"మా బండిలో నీకు జీవితాంతం ఫ్రీ పాసు అమ్మాయ్. రైట్ రైట్!"